ముందు ఏది? రాయవేలూరు నేర్పే పాఠం

పిలుపు వినడం ఒక్క రాత్రి పని.. దానికి తగ్గట్టు రోజులు సర్దుకోవడం జీవితకాలం పని

కాట్పాడి జంక్షన్‌లో రైలు ఆగితే చాలు, ప్లాట్‌ఫారం మీద తెలుగు వినబడుతుంది. చేతిలో ఎక్స్‌రే కవరు, భుజాన బట్టల సంచి, పక్కన తోడొచ్చిన మనిషి. చిత్తూరు, కడప, అనంతపురం వైపు నుంచి వచ్చేవాళ్లు కొందరు. హోసూరు, కృష్ణగిరి, కోలారు ప్రాంతాల తెలుగువాళ్లు మరికొందరు. గుడియాత్తం, ఆంబూరు చుట్టుపక్కల తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకైతే అది పొరుగూరి ఆస్పత్రే. పెద్దవాళ్ల నోట ఇప్పటికీ 'రాయవేలూరు' అనే వస్తుంది. 'ఇక్కడ కాదు, వేలూరు తీసుకుపోండి' అన్న మాట వినని ఇల్లు ఈ సరిహద్దులో తక్కువ.

ఇంతమంది వెతుక్కుంటూ వచ్చే క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి వెనుక పెద్ద పెట్టుబడిదారు ఎవరూ లేరు. 'నా బతుకులో ముందు ఏది, తరువాత ఏది' అని తేల్చుకున్న కొందరు మనుషులున్నారు. గుడికి వెళ్లే ప్రతి క్రైస్తవ కుటుంబం ఏటా జనవరి ఒకటిన వేసుకునే ప్రశ్న ఇదే. ఫిబ్రవరికల్లా మరిచిపోయే ప్రశ్న కూడా ఇదే. అందుకే వేలూరు కథను మరోసారి చెప్పుకోవాలి.

మూడుసార్లు తలుపు తట్టిన రాత్రి

ఐడా స్కడర్ 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టారు. తాత జాన్ స్కడర్ 1819లోనే వైద్య మిషనరీగా సిలోనుకు, ఆ తరువాత మద్రాసుకు వచ్చిన అమెరికన్. తండ్రీ డాక్టరే. ఇంటినిండా మిషనరీలే. అయినా ఆ అమ్మాయికి ఇక్కడ ఉండాలని లేదు. 1877 నాటి కరువులో ఆకలితో అలమటించే పిల్లలను చిన్నతనంలోనే చూశారు. చదువుకు అమెరికా వెళ్లాక అక్కడే హాయిగా స్థిరపడాలనుకున్నారు. తల్లికి జబ్బు చేసిందని 1890లో దిండివనం వచ్చింది కూడా కొన్నాళ్లు ఉండి వెళ్లిపోదామనే.

ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తరువాత ఒకరు వచ్చి తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, ఇంకొకరు మరో కులం హిందువు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టమై ప్రాణాపాయంలో ఉన్నారు. మా నాన్నగారు డాక్టరు, ఆయన్ను పంపుతానంది ఐడా. పరాయి మగవాడు మా ఆడవాళ్లను ముట్టుకోకూడదన్నారు వాళ్లు. ఆమెకేమో వైద్యం రాదు. తెల్లారేసరికి ముగ్గురూ చనిపోయారు.

ఆ మరునాడే తల్లిదండ్రులతో తన నిర్ణయం చెప్పేసింది. డాక్టరు చదివి తిరిగి వస్తానంది. గమనించాల్సింది ఏమంటే, ఆ రాత్రి ఆమెకు కొత్తగా తెలివి రాలేదు, డబ్బు రాలేదు. ఉన్న కోరికల వరుస మారింది. ఒకటో స్థానంలో ఉన్న సొంత సుఖం కిందికి దిగింది. తలుపు దగ్గర నిలబడిన మనిషి పైకి వచ్చాడు.

తొమ్మిదేళ్ల నిరీక్షణ

నిర్ణయం చేసిన మరునాడే పని మొదలైపోలేదు. మళ్లీ అమెరికా వెళ్లి, ఫిలడెల్ఫియా మహిళా వైద్య కళాశాలలో చేరి, కార్నెల్ ఆడపిల్లలకు తలుపులు తెరవగానే అక్కడికి మారి 1899లో పట్టా పుచ్చుకున్నారు. 1900 మొదట్లో వేలూరు చేరారు. తండ్రి పక్కన ఉండి పని నేర్చుకుందామనుకుంటే ఆ ఏడాదే ఆయన కన్నుమూశారు. చేతిలో పట్టా ఉంది, అనుభవం లేదు. రోగులు నమ్మి రావడానికీ కొన్నాళ్లు పట్టింది. బంగళాలోని చిన్న గదే తొలి ఆస్పత్రి. 1902లో 40 పడకల మేరీ టాబర్ షెల్ ఆస్పత్రి తెరిచారు.

తరువాతి పని దారుల వెంట సాగింది. రోగి రాలేకపోతే డాక్టరమ్మే బయలుదేరేది. మొదట ఎద్దుబండి, ఆ తరువాత మోటారు. గుడియాత్తం దారిలో చెట్టు కింద బండి ఆగితే అదే దవాఖానా. తెలుగు, తమిళం కలగలిసి మాట్లాడే పల్లెలవి. చిత్తూరు జిల్లా 1911లో విడిగా ఏర్పడేదాకా చాలా తాలూకాలు ఉత్తర ఆర్కాటులోనే ఉండేవి. ఆర్కాటు మిషను పని మదనపల్లె వరకూ ఉండేది. అక్కడి మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రి, 1915 నుంచి క్షయ రోగులకు ఆసరాగా నిలిచిన ఆరోగ్యవరం ఆ కాలం నాటివే.

ఒక్కరే డాక్టరు ఎంతమందిని చూస్తారు? ఈ లెక్క ఐడాకు త్వరగానే తెలిసింది. తాను చూసే రోగుల సంఖ్య పెంచుకోవడం కంటే, చూసేవాళ్లను తయారు చేయడం ముఖ్యమనుకున్నారు. 1909లో నర్సుల శిక్షణ, 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల మొదలయ్యాయి. ఆరుగురైనా వస్తారా అని అధికారులు సందేహించారు. అంతకు ఎన్నో రెట్ల దరఖాస్తులు వచ్చాయి.

పేరు నిలబెట్టుకోవాలా, పని నిలబెట్టుకోవాలా?

అసలు పరీక్ష ఇరవై ఏళ్ల తరువాత ఎదురైంది. ఇక మీదట డిప్లొమా చదువులు చెల్లవని, విశ్వవిద్యాలయ పట్టా ఉండాల్సిందేనని 1938లో మద్రాసు ప్రభుత్వం తేల్చింది. అంటే కొత్త భవనాలు, ఎక్కువ మంది అధ్యాపకులు, భారీగా డబ్బు కావాలి. అప్పటికి ఐడాకు అరవై ఏడు దాటాయి. మామూలుగా అయితే విశ్రాంతి తీసుకునే వయసు. ఆమె మాత్రం మళ్లీ ఓడ ఎక్కి, అమెరికాలో ఊరూరా తిరిగి విరాళాలు అడిగారు.

మగపిల్లలను కూడా చేర్చుకుంటే సంఘాలన్నీ కలిసి సాయం చేస్తాయన్న ప్రతిపాదన వచ్చింది. ఆడపిల్లల కోసమని డబ్బిచ్చిన దాతల్లో కొందరికి అది మింగుడు పడలేదు. జీవితమంతా మహిళల వైద్యం కోసమే కష్టపడ్డ ఐడాకూ అది తేలికైన మాట కాదు. చివరికి ఆమె మార్పు వైపే నిలిచారు. 1942లో ఎంబీబీఎస్ మొదలైంది. 1947లో మగ విద్యార్థులు వచ్చారు. తన గుర్తుగా నిలిచిన ఏర్పాటును వదులుకుని, పనిని బతికించుకున్నారు. సంఘంలో పదవి, పేరు, 'మా తాతల నాటి పద్ధతి' అంటూ పట్టుబట్టే చోటల్లా ఈ ఉదాహరణ పనికొస్తుంది.

ఐడా తరువాత ఆ బాధ్యత అందుకున్నది తెలుగునేల బిడ్డే. డాక్టర్ హిల్డా లాజరస్ 1890లో విశాఖపట్నంలో పుట్టారు. మహిళా వైద్య సేవా విభాగంలో దశాబ్దాలు పనిచేసి పై స్థాయికి ఎదిగారు. పింఛను పుచ్చుకుని ఇంటిపట్టున ఉండదగ్గ సమయంలో వేలూరు పిలిస్తే వచ్చి, ఆ సంస్థకు తొలి భారతీయ అధిపతి అయ్యారు. పని ముగిశాక మళ్లీ విశాఖ చేరుకున్నారు. 1961లో పద్మశ్రీ వచ్చింది.

కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్స

అనుకున్న బతుకు తలకిందులైతే? దానికి జవాబు డాక్టర్ మేరీ వర్గీస్. కేరళ నుంచి వచ్చి వేలూరులో చదివిన ఆమెకు 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. నడవలేని డాక్టరు ఏం చేయగలదు? కాళ్లు పోయినా చేతులున్నాయి. కుష్ఠు రోగుల వంకర వేళ్లను శస్త్రచికిత్సతో సరిచేసే పని 1948 ప్రాంతాల్లో అక్కడే డాక్టర్ పాల్ బ్రాండ్ మొదలుపెట్టారు. ఆయన ప్రోత్సాహంతో చక్రాల కుర్చీలో కూర్చునే ఆమె ఆ శస్త్రచికిత్సలు చేశారు. ఆ తరువాత విదేశాల్లో శిక్షణ పొంది వచ్చి, తనలా అవిటితనం పాలైనవారి కోసం 1966లో పునరావాస కేంద్రం నిలబెట్టారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. పోయినదాన్ని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే మిగిలినది కనబడదు. ఉద్దేశం తెలిసిన మనిషి మిగిలినదానితోనే మొదలుపెడతాడు.

ఖాళీ సీట్ల పాఠం

2017లో నీట్ పద్ధతి ప్రకారమే సీట్లు నింపాలన్న నిబంధన వచ్చినప్పుడు, సేవాభావాన్ని కూడా చూసి ఎంచుకునే తన పద్ధతిని వదులుకోలేనని సీఎంసీ పట్టుబట్టింది. ఆ ఏడాది 100 ఎంబీబీఎస్ సీట్లలో ఒక్కటే నిండింది. తొంభై తొమ్మిది మంది పిల్లల అవకాశం పోయిందని కొందరు, మూలసూత్రం నిలబెట్టారని కొందరు వాదించుకున్నారు. నీట్ మైనారిటీ సంస్థలకూ వర్తిస్తుందని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పడంతో ఆ వివాదం ముగిసింది.

న్యాయం ఎటున్నా ఇళ్లకు మిగిలిన పాఠం ఒకటుంది. మార్కు ఎంతో పరీక్ష చెబుతుంది. ఆ చదువు ఎవరికోసమో చెప్పేది ఇల్లు, గుడి. సంఘాలు సిఫారసు చేసి పంపిన విద్యార్థులు పట్టా చేతికి వచ్చాక అవసరం ఉన్న చోట రెండేళ్లు పనిచేయాలన్నది అక్కడి ఆనవాయితీ. 'మా వాణ్ని డాక్టరు చేయి దేవా' అని ప్రార్థించే తల్లి, 'చేసి ఎక్కడికి పంపమంటావు' అని కూడా అడగగలిగితే సగం పని అయినట్టే.

ఇంట్లో వరుస ఎలా?

అందరూ ఐడాలు కానక్కర్లేదు. ఆంబూరు తోలు కార్ఖానాలో పనిచేసే తండ్రి, హోసూరు కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేసే కొడుకు, బరంపురంలో టీచరమ్మ, యానాంలో చేపలమ్మే అక్క.. ఎవరి వరుస వాళ్లు వేసుకోవాల్సిందే. తిండి, బట్టల దిగులును రెండో స్థానంలో పెట్టమని కొండమీది ప్రసంగంలో క్రీస్తు చెప్పాడు. వద్దని చెప్పలేదు. గోపురం కట్టేవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలనీ అన్నాడు. భక్తి అంటే లెక్క లేకపోవడం కాదన్నమాట.

మొదటి లెక్క సమయానిది. ఓ వారం పాటు రోజూ ఏ గంట ఎటు పోయిందో కాగితం మీద రాసి చూస్తే తెలిసిపోతుంది. సెల్‌ఫోనుకు రెండు గంటలు, ప్రార్థనకు రెండు నిమిషాలు అయితే మన ఒకటో స్థానంలో ఎవరున్నారో ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండోది డబ్బు. జీతం వచ్చిన రోజే కానుక తీసి పక్కన పెట్టే ఇంట్లో మిగతా ఖర్చు దానంతటదే వరుసకు వస్తుంది. నెలాఖరున మిగిలితే ఇద్దామనుకుంటే ఎప్పుడూ మిగలదు. అయితే అప్పు చేసి గుడి పండుగ ఘనంగా చేయడం, బాకీ ఎగ్గొట్టి దశమభాగం ఇవ్వడం భక్తి కాదు.

మూడోది గుడి పనికీ ఇంటి పనికీ మధ్య తగువు. కూటాలు, కమిటీలు, గాన బృందం అంటూ రాత్రి పదింటికి ఇల్లు చేరే పెద్దలున్నారు. మార్త హడావుడి పడుతుంటే మరియ కూర్చుని విన్న సంగతి ప్రతి ఆదివారం బడి పిల్లకూ తెలుసు. పెద్దలే మరిచిపోతున్నారు. విశ్రాంతి కూడా వరుసలో ఉండాల్సిందే. ఐడా పెద్ద వయసులోనూ టెన్నిస్ ఆడేవారు. ఎండలకు కొడైకెనాల్ వెళ్లేవారు.

నాలుగోది సరిహద్దు తెలుగువాళ్లకే ప్రత్యేకమైనది.. భాష. పిల్లలు బడిలో తమిళమో కన్నడమో ఒడియానో చదువుతారు. తమిళనాడులో 2006 చట్టం తరువాత తమిళం తప్పనిసరి అయింది. అది నేర్వాల్సిందే. కానీ తెలుగు అక్షరం రాని పిల్లకు అమ్మమ్మ బైబిలు మూసిన పుస్తకమే అవుతుంది. పాట నోటికి వస్తుంది, అర్థం రాదు. కుటుంబ ప్రార్థనలో రోజూ నాలుగు వచనాలు పిల్లల చేత తెలుగులో చదివిస్తే ఖర్చు లేదు, పట్టేది పది నిమిషాలు. ఏడాది తిరిగేసరికి ప్రార్థనా నిలుస్తుంది, భాషా నిలుస్తుంది.

ఐదోది తలుపు తట్టే మనిషి. పక్కింట్లో ఆస్పత్రికి తోడు లేని ముసలాయన ఉండవచ్చు. ఫీజు కట్టలేక బడి మానబోతున్న పిల్ల ఉండవచ్చు. వేలూరులో భాష తెలియక చీటీ పట్టుకుని దిక్కులు చూసే తెలుగు రోగి ఉండవచ్చు. తమిళం, తెలుగు రెండూ వచ్చినవాళ్లు ఒక పూట తోడు వెళ్లినా ఆ ఇంటికి అది కొండంత సాయం. అదీ చేతనైన పనే.

ఐడా స్కడర్ 1946లో బాధ్యతలు వదిలి, 1960 మే 24న కొడైకెనాల్‌లో కన్నుమూశారు. ఆమె మొదలుపెట్టిన పని 1971లో మూత్రపిండ మార్పిడి దాకా వెళ్లింది. 2022లో ఆమె పుట్టిన రాణిపేటలోనే కొత్త ప్రాంగణమూ తెరుచుకుంది. చిత్తూరు వైపూ ఒక ప్రాంగణం ఉంది. ఇదంతా ఆమె ముందే గీసుకున్న పటం కాదు. ఆ రాత్రి ఆమెకు తెలిసింది ఒక్కటే, మరునాడు పొద్దున్న ముందు చేయాల్సిన పని ఏమిటో. మిగిలినవి దాని వెనకే వచ్చాయి.