పన్ను తీసిన గుంటలో లేజర్ కాంతి

పన్ను తీసిన గుంట కొన్ని వారాల్లో పైకి మూసుకుపోయినట్టు కనిపించినా, లోపల ఎముక నిండడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అలా నిండిన ఎముక కూడా మునుపటి వెడల్పుకు రాదు. పంటిని పట్టి ఉంచే పలుచని ఎముక పొర ఆ పంటి వల్లనే నిలుస్తుంది కనుక, పన్ను పోగానే అది కరగడం మొదలవుతుంది. పై దవడ ముందు పళ్లకు పెదవి వైపున్న గోడ చాలామందిలో ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. ఏడాది తిరిగేసరికి దవడ అంచు వెడల్పు సగం దాకా తగ్గవచ్చు, ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. ఇంప్లాంట్ బిగించాలనుకునే వైద్యునికి చిక్కు ఇక్కడే.

ఈ మాన్పును వేగిరపరచడానికి వాడుతున్నది కోసే లేజర్ కాదు, వేడి పుట్టించని తక్కువ శక్తి లేజర్. 1960లో శాస్త్రవేత్త మైమన్ తొలి రూబీ లేజర్‌ను వెలిగించగా, 1967 ప్రాంతంలో బుడాపెస్ట్ వైద్యుడు ఎండ్రె మెస్టర్, క్యాన్సర్‌పై దాని ప్రభావం చూడబోయి, గొరిగిన ఎలుకల చర్మంపై వెంట్రుకలు త్వరగా మొలవడం గమనించాడు. ఎరుపు, దానికి ఆవలి పరారుణ కాంతిని కణంలోని మైటోకాండ్రియాలో ఉండే సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము పీల్చుకుంటుందనీ, దానితో కణానికి శక్తినిచ్చే ఏటీపీ పెరిగి, కొత్త రక్తనాళాలూ, ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్ట్ కణాలూ చురుకెక్కుతాయనీ ఎక్కువమంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. మోతాదు మాత్రం తకరారుది: తక్కువైతే ఫలితం ఉండదు, మితిమీరితే కణం పని మందగిస్తుంది.

ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో కొత్త ఎముక ముందుగా ఏర్పడడం కనిపించింది. మనుషుల మీది అధ్యయనాలు చిన్నవి, పైగా ఒక్కొక్కరు ఒక్కో తరంగదైర్ఘ్యం, ఒక్కో మోతాదు వాడారు కనుక ఫలితాలను పక్కపక్కన పెట్టి తూచడం కష్టం. క్యాన్సర్ చికిత్స వల్ల వచ్చే నోటిపూత నివారణకు ఇదే కాంతిని అంతర్జాతీయ మార్గదర్శకాలు సిఫారసు చేస్తుండగా, పన్ను తీసిన గుంట విషయంలో అంత గట్టి ఆధారం ఇంకా లేదు. "లేజర్‌తో ఎముక తప్పక పెరుగుతుంది" అని బోర్డు పెట్టడం తొందరపాటే.

తెలంగాణ సరిహద్దున, నాందేడ్ జిల్లా కిన్వట్, మాహూర్ ప్రాంతంలోని సర్ఖని వంటి ఊళ్లకు, గట్టి ఆధారం ఉన్న చికిత్సకూ లేనిదానికీ మధ్య ఈ తేడా మరీ ముఖ్యం. జిల్లా కేంద్రం వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉండగా, లేజర్ సాధారణంగా ఒక్కసారితో ముగియదు, విడతలు విడతలుగా పడాలి. అంటే చార్జీలూ, పోయిన కూలీ దినాలూ చికిత్స ఖర్చుకు తోడవుతాయి. దానికంటే ముందు కాపాడుకోవలసింది గుంటలో గడ్డకట్టిన రక్తాన్ని. కొత్త ఎముకకు ఆధారం అదే. దూదిని అరగంటైనా గట్టిగా కరచి పట్టుకోవడం, మొదటి రోజు పుక్కిలించకపోవడం, గుట్కా, తంబాకు, బీడీలకు దూరంగా ఉండడం, షుగర్‌ను అదుపులో ఉంచుకోవడం పైసా ఖర్చు పెంచని పనులు. మూడో రోజుకు తగ్గవలసిన నొప్పి పెరిగి, చెవి వైపు పాకి, నోరు దుర్వాసన వేస్తే, గడ్డ ఊడి ఎముక బయటపడిందని అనుమానించి వెంటనే దంతవైద్యునికి చూపించాలి.

లేజర్ పెట్టినప్పుడు రోగి, వైద్యుడు ఇద్దరూ రక్షణ కళ్లద్దాలు ధరించాలి. క్యాన్సర్ గడ్డ ఉన్నదన్న అనుమానమున్న చోట ఆ కాంతిని వేయరు. లేజర్ పడ్డదన్న కారణంతో ఇంప్లాంట్ గడువును కుదించడానికి లేదు, ఎక్స్‌రేలోనో స్కాన్‌లోనో ఎముకను చూశాకే వైద్యుడు తేదీ చెబుతాడు.