కారు ‘మెదడు’ పోయిందా? ముందు తీగలు చూడండి

ముదినేపల్లి: కారు మొరాయిస్తే కార్బురేటర్ విప్పి, గాలి కొట్టి, ప్లగ్గులు గీకి రోడ్డెక్కించే రోజులు పోయాయి. 1983లో కార్బురేటర్‌తో వచ్చిన మారుతి 800కు 2000లో ఇంజక్టర్లు వచ్చాయి. పెట్రోలు ఎంత చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు పడాలో నిర్ణయించేది ఒక చిన్న పెట్టె. పేరు ఇ.సి.ఎం. షెడ్లలో ‘కంప్యూటర్’ అంటే చాలు.

అది పోయిందనగానే పాత బండి యజమాని గుండె జారుతుంది. కొత్తది కొనడమంటే మాటలు కాదు మరి. అయితే బాడీకి బిగించిన ఎర్తు తీగ తుప్పు పట్టినా, మెయిన్ రిలే పోయినా, బ్యాటరీ నీరసించినా బండి అలాగే మొండికేస్తుంది. తాళం తిప్పినా ఇంజను దీపం వెలగకపోతే, ముందు పెట్టెకు కరెంటు, ఎర్తు అందుతున్నవీ లేనిదీ మీటరు పెట్టి చూడాలి. ఆ పని చేయకుండానే పెట్టె మార్చమనే వారూ లేకపోలేదు.

కొల్లేటి ప్రాంతంలో తేమే పెద్ద శత్రువు. కారులోకి నీరు చేరితే పెట్టెకు తగిలించే పిన్నులకు పచ్చని చిలుము పడుతుంది. మునిగిన కారుకు తాళం తిప్పరాదు. ముందు బ్యాటరీ తీగ విప్పాలి.

సెకండ్‌హ్యాండ్ పెట్టె కొంటే దానిపై నంబరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. అలా మునిగిన బండిలోంచి తీసిందేమో మూత విప్పించి చూడాలి. అమ్మేవాడు చెప్పడు. దొంగల భయానికి ఇమ్మొబిలైజర్ పెట్టిన బండయితే, పెట్టెకూ తాళంచెవికీ స్కానర్‌తో జత కలిపించనిదే స్టార్టు కాదు.