రాత్రి పదింటికి పుస్తకం తలకెందుకు ఎక్కదు?

ఉద్యోగం చేసుకుంటూ గ్రూప్-2కు చదివేవాళ్లు వేసుకునే టైంటేబుల్ చాలావరకు ఒకేలా ఉంటుంది. ఆఫీసు నుంచి వచ్చి, స్నానం, భోజనం కానిచ్చి తొమ్మిదిన్నరకు కూర్చుంటారు. పన్నెండున్నర దాకా, అంటే లెక్కకు మూడు గంటలు. పదిన్నరయ్యేసరికి పాలిటీ పుస్తకంలో రాజ్యాంగ సవరణల పేరా నాలుగోసారి చదువుతుంటారు. కళ్లు అక్షరాల మీదే ఉంటాయి, బుర్రలోకి ఒక్క ముక్కా దిగదు. ఏకాగ్రత లేదని తమను తామే తిట్టుకుంటారు. అలసిన మెదడు అంతకంటే ఏం చేస్తుంది?

మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. అది పెరిగేకొద్దీ మగత కమ్ముతుంది, నిద్రపోతే తగ్గుతుంది. కాఫీ దాన్ని తీసేయదు. అడినోసిన్ వెళ్లి అతుక్కోవాల్సిన చోట కెఫీన్ ముందే చేరిపోవడం వల్ల అలసట కాసేపు తెలియదు, అంతే. పైగా తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. తొమ్మిదింటికి కాఫీ తాగితే పడుకున్నాక కూడా అది నిద్రను చెడగొడుతూనే ఉంటుంది. ఆ బాకీ మర్నాటి చదువు మీద పడుతుంది.

దీనికి తోడు ఒంట్లో ఒక గడియారం నడుస్తుంటుంది. పండ్ల ఈగల్లో దాని గుట్టు విప్పినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో వైద్య నోబెల్ వచ్చింది. మధ్యాహ్నం రెండు మూడు గంటల వేళ కునుకుపాట్లు పడితే పెరుగన్నం మీద నెపం వేస్తాం. కడుపునిండా తింటే మగత పెరిగే మాట నిజమేగానీ, తినకపోయినా ఈ గడియారం వల్ల ఆ వేళకు చురుకు కొంత తగ్గుతుంది.

కాబట్టి గంటల లెక్క కాసేపు పక్కనపెట్టి, మీ తల ఏ వేళ బాగా పనిచేస్తుందో ఒక వారం గమనించి రాసుకోండి. ఆ వేళను అర్థమెటిక్, ఎకానమీ లాంటి కష్టమైన వాటికి ఇవ్వండి, ఫోను వేరే గదిలో పెట్టి. కరెంట్ అఫైర్స్ తిరగేయడం, పాత ప్రశ్నపత్రాల జవాబులు సరిచూసుకోవడం రాత్రికి ఉంచుకోవచ్చు. అందరికీ తెల్లవారుజామే మంచిదని లేదు. కుర్రవయసులో ఒంటి గడియారం కాస్త ఆలస్యంగానే నడుస్తుంది. ఒంటిగంటకు పడుకుని నాలుగింటికి అలారం పెట్టుకోవడం మాత్రం శుద్ధ దండగ. చదివింది జ్ఞాపకంగా గట్టిపడేది చాలావరకు నిద్రలోనే.

ఇదంతా తన వేళ తన చేతిలో ఉన్నవాళ్ల సంగతి. పొద్దున్నే లేచి చదువుకోమని సలహా ఇచ్చేవాళ్లకు ఆ వేళ టిఫిన్లు చేసి క్యారేజీలు కట్టేదెవరో గుర్తుండదు. చురుకైన గంటలన్నీ వంటింట్లో ఖర్చయిపోయాక ఆమెకు మిగిలేది ఆ రాత్రి తొమ్మిదిన్నరే. ఆమెకు ఏ టైంటేబుల్ ఇచ్చినా లాభం లేదు. మీ ఇంట్లో పరీక్షకు చదువుతున్న కూతురో, కోడలో, భార్యో ఉంటే ఫలితాలు వచ్చేదాకా ఆగకుండా రేపటి క్యారేజీలు మీరు కట్టండి.