మొక్కు తీరకపోతే...

బుచ్చిరెడ్డిపాలెం మండలంలో, పెన్నా ఒడ్డున ఉంది జొన్నవాడ. చీకటి పడ్డాక కూడా ఇక్కడికొచ్చిన వాళ్లలో కొందరు ఇంటిదారి పట్టరు. ఓ చాప, దుప్పటి, మందుల సంచీ... ఆ రాత్రికి వాళ్ల మకాం కామాక్షితాయి సన్నిధే. దాన్నే 'నిద్ర చేయడం' అంటారు. మనసు చెదిరినవాళ్లనీ, ఏళ్ల తరబడి జబ్బుతో తీసుకుంటున్నవాళ్లనీ వెంటబెట్టుకుని వస్తారు అయినవాళ్లు. కశ్యప మహర్షి యాగం చేసిన యజ్ఞవాటికే జొన్నవాడ అయిందని స్థలపురాణం.

నయమైనవాళ్లు మొక్కు చెల్లిస్తారు. ఆ కథలు ఊరూరా తిరుగుతాయి. మరి నయం కానివాళ్ల సంగతి? వాళ్ల కథ ఎవరూ చెప్పుకోరు. పైగా, 'మనసుపెట్టి మొక్కలేదేమో', 'ఏదో అపచారం జరిగుంటుంది' అంటూ చుట్టాలు తలో మాటా అంటారు. అసలు జబ్బుకు తోడు అదో కొత్త జబ్బు. తప్పంతా తనదేనేమోనని రోగి లోలోపల కుమిలిపోతాడు.

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో ఏటా మొహర్రం మాసంలో జరిగే రొట్టెల పండుగనే చూడండి. కోరిక తీరినవాళ్లు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె... మతంతో పనిలేదు. నిరుడు ఆరోగ్య రొట్టె తిన్నా జబ్బు తగ్గనివాళ్లు ఈ ఏడు ఇచ్చేవాళ్ల వైపు నిలబడలేరు. రావాలనుకుంటే మళ్లీ చెయ్యి చాచాల్సిందే.

అసలు శ్లోకం ఏమంటోంది?

వైద్యుడంటే నారాయణుడని మనవాళ్లు తరచూ అంటుంటారు. డాక్టరును దేవుడితో పోల్చినట్టు అనిపిస్తుంది. కానీ ఆ మాట ఉన్న పూర్తి శ్లోకం భావం వేరు. శరీరం శిథిలమై, రోగాలతో నిండిపోయినప్పుడు గంగనీరే మందు, హరే వైద్యుడు అంటుంది. అంటే మందులు పనిచేయడం మానేసిన మనిషి గురించి చెప్పిన మాట అది! ఒళ్లు మళ్లీ కుదుటపడుతుందన్న హామీ అందులో ఎక్కడా లేదు.

అరుణాచలంలో రమణ మహర్షి విషయంలో జరిగిందీ ఇలాంటిదే. 1948 చివర్లో ఆయన ఎడమ మోచేతి దగ్గర చిన్న గడ్డ లేచింది. తీసేస్తే మళ్లీ వచ్చింది. సార్కోమా అన్నారు వైద్యులు. నాలుగు ఆపరేషన్లు చేశారు. తలచుకుంటే తనను తాను నయం చేసుకోగలరని భక్తుల నమ్మకం. బతిమాలారు, ప్రార్థనలు చేశారు. ఆయన చికిత్సను కాదనలేదు, చెయ్యి తీసేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. 1950 ఏప్రిల్ 14న వెళ్లిపోయారు. ఆశ్రమ విశేషాలను తెలుగులో ఉత్తరాలుగా రాసిన సూరి నాగమ్మ లాంటి ఎందరికో ఆ తరవాత కూడా ఆయన గురువుగానే మిగిలారు. వాళ్లు అడిగింది దక్కలేదు, అయినా నమ్మకం చెదరలేదు.

మాత్రలు మానొద్దు

అలాగని గుడిలో గడపడం వృథా అనలేం. తమిళనాడులోని ఓ చిన్న గుడిలో ఉండిపోయిన 31 మంది మానసిక రోగులను పరిశీలించిన వైద్యులు, 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ వివరాలు ప్రచురించారు. లక్షణాలు దాదాపు 20 శాతం తగ్గాయట. అక్కడ ప్రత్యేకమైన పూజలేవీ లేవు. కసురుకోని మనుషులు, ఇంటివాళ్ల తోడు, చేతనైన చిన్నాచితకా పని... అంతే.

అదే తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న జరిగింది ఇందుకు పూర్తిగా విరుద్ధం. దర్గాకు వచ్చిన రోగులను ఉంచిన ఓ ప్రైవేటు షెడ్డులో మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉండటంతో తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. మానసిక రోగులను గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది.

దేవుడి మీద భారం వేశాక మాత్ర మింగితే నమ్మకం తక్కువైనట్టని కొందరి భయం. మానసిక రోగులకు పూటకో మాత్ర ఎంత ముఖ్యమో, మానేస్తే జబ్బు ఎలా తిరగబెడుతుందో ఇంట్లోవాళ్లకు తెలియంది కాదు. గుజరాత్‌లోని ఉనావాలో, మీరాదాతార్ దర్గా ఆవరణలోనే మానసిక వైద్యులు కూర్చుని చూసే ఏర్పాటు 2008లో మొదలైంది. దువాతో పాటు దవా అన్నమాట. చేతిలో తాయెత్తు, జేబులో మందుల చీటీ... రెండూ ఒకే మనిషి దగ్గర.