'కరెంటు' పెట్టినవారిని ముట్టుకోవచ్చా?

ఢిల్లీలోని ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో ఉండే తెలుగువారి ఇళ్లకు ఊరి నుండి బంధువులు వస్తుంటారు. అందరూ ఢిల్లీ చూడడానికే రారు. కొందరు దగ్గరలోనే ఉన్న ఎయిమ్స్‌లో వైద్యానికి వస్తారు. అటువంటి ఒక ఇంటిలో, గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స పొందుతున్న పెదనాన్నగారి దగ్గరకు పిల్లలను పోనివ్వకపోవడం, ఆయన కంచం, గ్లాసు వేరుగా ఉంచడం నేను చూశాను. ప్రేమ లేక కాదు, భయం వల్ల. ఆ భయానికి ఆధారం ఉందా అన్నది మీరు చదివే భౌతికశాస్త్రమే చెబుతుంది.

మనవారు దీనిని 'కరెంటు పెట్టడం' అంటారు. హిందీవారు 'సికాయీ', అంటే కాపడం అంటారు. నిజానికి ఇందులో షాకూ లేదు, కాపడమూ లేదు. లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం అధిక శక్తి గల ఎక్స్ కిరణాలను పుట్టిస్తుంది. కోబాల్ట్-60 నుండైతే గామా కిరణాలు వెలువడతాయి. ఇవి కణంలోని డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తాయి. స్విచ్ ఆపాక గదిలో వెలుతురు మిగలనట్లే, కిరణాలు ఆగాక రోగి ఒంట్లో ఏమీ మిగలదు.

మరి 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో రేడియేషన్ వల్ల ఒకరు మరణించారు కదా అని మీరడగవచ్చు. అక్కడ, వాడకం మానేసిన ఒక ప్రయోగశాల పరికరాన్ని విడగొట్టినప్పుడు కోబాల్ట్-60 పదార్థమే మనుషుల చేతుల్లో పడింది. దీపం వెలుగులో కాసేపు కూర్చోవడం వేరు, దీపాన్నే ఒళ్లో పెట్టుకోవడం వేరు. థైరాయిడ్ క్యాన్సర్‌కు రేడియో అయోడిన్ ఇచ్చినవారు మాత్రం వైద్యులు చెప్పినన్ని రోజులు ఇతరులకు ఎడంగా ఉండాలి, ఎందుకంటే అక్కడ ఆ పదార్థం ఒంట్లోకే వెళుతుంది.

ఇక మోతాదు సంగతి. దీని ప్రమాణం 'గ్రే'. గొంతు క్యాన్సర్‌కు సాధారణంగా మొత్తం 70 గ్రేలు, రోజుకు 2 చొప్పున, వారానికి 5 రోజులు, 7 వారాలపాటు ఇస్తారు. ఒక్కసారే ఎందుకు ఇవ్వరు? ఆరోగ్యకరమైన కణాలు మర్నాటికి చాలావరకు మరమ్మతు చేసుకుంటాయి. క్యాన్సర్ కణాలకు ఆ నేర్పు తక్కువ. ఈ తేడాయే చికిత్సకు ఆయువుపట్టు. కాబట్టి సంక్రాంతికి ఊరు వెళ్లి వస్తానంటూ మధ్యలో మానితే, బతికున్న క్యాన్సర్ కణాలు ఆ వ్యవధిలో మళ్లీ పెరుగుతాయి. ఈ మాట విన్నాక ఆ ఇంటి చిన్నవాడు కాగితంపై 35 గళ్లు గీసి, రోజుకొకటి పెదనాన్నగారి చేతనే కొట్టివేయించాడు.

రెండు, మూడు వారాలకు నోరు పూయడం, నీరసం, చర్మం నల్లబడడం మామూలే. నోరు మండితే ఆవకాయ, కారం ఆపాలి కాని చికిత్స ఆపకూడదు, డాక్టరుకు చెప్పాలి. చుట్ట, ఖైనీ పూర్తిగా మానాలి. కిరణాలు పడిన చోటనే జుట్టు రాలుతుంది, తలంతా కాదు. ఆ చోట పసుపు, నూనె రాయకూడదు, కాపడం పెట్టకూడదు. ఒంటిపై సిరాతో గీసిన గుర్తులను స్నానంలో రుద్ది చెరపకూడదు. అవి చెరిగితే ఇంట్లో పెన్నుతో దిద్దుకోకుండా, ఆసుపత్రివారికే చూపించాలి.