కాఫీ పండు వాయిదా ఒప్పుకోదు

నవంబరు వచ్చిందంటే అరకు, పాడేరు కొండల్లో కాఫీ కోతలు మొదలవుతాయి. కాయలన్నీ ఒక్కసారి పండవు. ఒకే కొమ్మకు ఎర్రవీ, పసుపువీ, పచ్చివీ కలిసి ఉంటాయి. పండినవే ఏరి కోసి, కొన్నాళ్లకు మళ్లీ అదే మొక్క దగ్గరికి రావాలి. కోసిన పండ్లకు ఆ రోజే తొక్క తీయించాలి. కుప్పలో ఉంచేస్తే పులిసిపోయి గింజ పాడవుతుంది. ‘అన్నీ పండాక ఒకేసారి దూసేద్దాం’ అనుకుంటే పచ్చికాయ, ఎండుకాయ కలిసిపోయి ధర పడిపోతుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా రుచి ఈ విడతల కోతలోనే నిలబడి ఉంది.

ఆగడమంతా వాయిదా కాదని కూడా ఈ తోటలే చెబుతాయి. మొక్క నాటిన రైతు తొలి కాపు కోసం మూడు నాలుగేళ్లు ఆగుతాడు. అది ఓపిక. పని చేయాలని తెలిసి, ఆలస్యమైతే నష్టపోతామనీ తెలిసి, అయినా కావాలని పక్కన పెట్టడమే వాయిదా. పియర్స్ స్టీల్ అనే మనస్తత్వవేత్త 2007లో వందలాది అధ్యయనాలను కలిపి పరిశీలించి దాదాపు ఇదే నిర్వచనం ఇచ్చాడు.

మరి తెలిసీ ఎందుకు పక్కన పెడతారు? బద్ధకం అనేస్తే సరిపోదు. ఫ్యూషియా సిరోయిస్, టిమోతీ పిచిల్ అనే మనస్తత్వవేత్తలు 2013లో దీనికి వేరే జవాబు చెప్పారు. మనిషి తప్పించుకునేది పనిని కాదు, ఆ పని తలుచుకోగానే కలిగే విసుగునూ, భయాన్నీ, చేయగలనో లేదోనన్న అనుమానాన్నీ. పక్కన పెట్టగానే మనసు తేలికపడుతుంది. ఆ హాయి ఇప్పుడే దక్కుతుంది, నష్టం మాత్రం ఎప్పుడో వస్తుంది. అందుకే బాగా కష్టపడే మనిషి కూడా ఒక చిన్న దరఖాస్తును నెలల తరబడి ముట్టుకోడు.

తోటపనిలో ఇలాంటి పని ఒకటుంది. కోత అయ్యాక కొమ్మల్లో మిగిలిన, నేల మీద రాలిన కాయలను వెతికి ఏరేయడం. చేతికి డబ్బు రాని, నడుం నొప్పి తెప్పించే పని అది. కానీ కాయ తొలిచే పురుగు ఆ మిగిలిన కాయల్లోనే బతికి వచ్చే పంట మీద పడుతుంది. 2025లో అరకు ప్రాంతపు తోటల్లో ఈ పురుగు బయటపడటంతో ఇంతకాలం చిన్నదిగా కనిపించిన ఆ పని విలువ ఒక్కసారిగా పెరిగిపోయింది.

ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. కొండ మీద జరిగే ఆలస్యానికి వాయిదా బుద్ధిని కారణంగా చూపడం అన్యాయం. రోడ్డు లేక రోగిని డోలీలో మోసుకొచ్చే ఊళ్లున్నాయి. సెల్ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన పల్లెలున్నాయి. అక్కడ ప్రతి పనికీ ఒక రోజు కూలి పోతుంది.

ఆ కష్టాన్ని కాస్త తగ్గిస్తే ఏమవుతుందో రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ పల్లెల్లో తేలింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డూఫ్లోల బృందం 134 గ్రామాల్లో చేసిన ప్రయోగం ఫలితాలు 2010లో వచ్చాయి. మామూలు గ్రామాల్లో టీకాలన్నీ పూర్తయిన పిల్లలు 6 శాతమే. నెలనెలా తప్పకుండా శిబిరం పెట్టిన చోట 18 శాతం. శిబిరానికి తోడు టీకాకు కిలో పప్పు ఇచ్చిన చోట 39 శాతం. ఆ తల్లులకు పిల్లల మీద ప్రేమ పప్పుతో పుట్టలేదు. ‘వచ్చే నెల చూద్దాంలే’ అన్న ఆలోచనకు పప్పు అడ్డుపడిందంతే.

డూఫ్లోయే మరో ఇద్దరితో కలిసి కెన్యా రైతుల మీద చేసిన పరిశోధన మన కొండలకు ఇంకా దగ్గర. ఎరువు కొనాలని రైతులకు ఉంది. అదునుకు మాత్రం చేతిలో డబ్బు ఉండదు. పంట అమ్మి డబ్బు కళ్లజూసిన రోజుల్లోనే ఎరువుకు డబ్బు కట్టించుకుని ఉచితంగా ఇంటికి చేరుస్తామంటే కొనేవారు పెరిగారు. తర్వాత సగం ధరకిస్తామన్నా దాదాపు అంతే ఫలితం వచ్చింది. ఏజెన్సీలో డబ్బు చేతికొచ్చే చోటు వారపు సంత. కాఫీ, మిరియాలు, పసుపు అమ్మిన సంతలోనే వచ్చే ఏడు ఖర్చుకు కొంత పక్కకు తీసే ఏర్పాటుంటే రైతు తన మనసుతో రోజూ పోరాడక్కర్లేదు.

గడువు విషయంలోనూ అంతే. పరిశోధకులు డాన్ ఏరియలీ, క్లాస్ వెర్టెన్‌బ్రోక్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఇచ్చిన మూడు పనులకూ విడివిడిగా, సమాన దూరంలో గడువున్నవారు బాగా రాణించారు. అన్నిటికీ చివరి రోజే గడువున్నవారు వెనకబడ్డారు. మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు ఇంకో దారి చూపాయి. ‘త్వరలో బ్యాంకుకు వెళ్తా’ అనుకోవడం కన్నా, ‘సంత రోజు పసుపు అమ్మగానే బ్యాంకుకు వెళ్తా’ అనుకున్నవాళ్లు పని పూర్తి చేసే అవకాశం ఎక్కువ. పసుపు అమ్మగానే పని గుర్తొస్తుంది, మళ్లీ ఆలోచించుకునే సందు ఉండదు.

తిట్లు మాత్రం పనిచేయవు. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో 2010 నాటి అధ్యయనం ప్రకారం, మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు రెండో పరీక్షకు వాయిదా తగ్గించారు. సిగ్గు పెరిగితే పుస్తకం చూడాలంటేనే భయం పుడుతుంది. ఆశ్రమ పాఠశాలలో వెనకబడిన పిల్లను నలుగురిలో నిలబెట్టే ఉపాధ్యాయులు ఈ సంగతి పట్టించుకోవాలి.

చివరి నిమిషం దాకా ఏదీ వదలకుండా చూసే ఏర్పాటు సాలూరులో ఉంది. అక్కడి గిరిశిఖర గర్భిణుల వసతి గృహంలో కొండపల్లెల మహిళలు కాన్పుకు ముందే వచ్చి ఉంటారు. ఇల్లు, పిల్లలు, పశువులను వదిలి రావడం తేలిక కాదు. కానీ నొప్పులు మొదలయ్యాక, చీకట్లో, వానలో డోలీ కట్టాలా వద్దా అని తేల్చుకోవాల్సిన అవస్థ వాళ్లకు ఉండదు.