మందు లేని తెగులుకు విత్తనమే మందు



వరి ఆకు కొన నుంచి, అంచుల వెంబడి పసుపుచారలు బయలుదేరి, అలలు అలలుగా కిందికి దిగి, ఆకంతా ఎండుగడ్డి రంగుకు తిరిగితే అది బాక్టీరియా ఆకుఎండు తెగులు కావచ్చును. సందేహం తీరాలంటే తెగులు తగిలిన ఆకును కోసి, ఆ కోసిన కొసను గాజుగ్లాసులో తేటనీళ్ళలో ఉంచండి. కాసేపటికి కోసినచోటు నుంచి తెల్లని జిగురు పొగలాగా నీళ్ళలోకి దిగితే, అదే ఇది.

ఇది సోకిన పైరును పూర్తిగా బాగుచేసే మందు లేదు. కనుక పైరుకే తట్టుకునే శక్తి ఉండాలి. ఆ శక్తిని విత్తనంలోకి ఎలా తెచ్చారో చెబుతాను.

1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, అంటే బి.పి.టి. 5204, మీకు తెలియనిది కాదు. గింజ సన్నం, అన్నం రుచి, బజారులో మంచి గిరాకీ. కాని ఈ తెగులుకు తేలికగా లొంగిపోతుంది. ఆ లోటు తీర్చడానికి హైదరాబాదులో రెండు పరిశోధనాలయాలు చేతులు కలిపాయి. ఒకటి 1977లో మొదలైన సి.సి.ఎం.బి. జీవకణాల లోపలి సంగతులు తెలుసుకోవడం దాని పని. రెండవది రాజేంద్రనగరులోని వరి పరిశోధనాలయం. మడిలో వరి నడత తెలిసినవారు అక్కడ ఉన్నారు. ఒకరి విద్య రెండవవారికి లేదు. అందుకే కలిశారు.

వారు తెగులును ఆపే జన్యువులు మూడింటిని ఎన్నుకున్నారు. వాటిలో ఒకటి ఆఫ్రికా అడవివరి నుంచి వచ్చినది. ఒకటి చాలదా అంటారేమో! తెగులు క్రిమి కూడా మారుతూ ఉంటుంది. తలుపుకు ఒకటే గొళ్ళెం ఉంటే దొంగ ఏనాడో దాన్ని తీయడం నేర్చుకుంటాడు. మూడు ఉంటే అంత సులువు కాదు.

ఈ మూడూ ఉన్న వరితో సాంబ మసూరిని సంకరం చేశారు. వచ్చిన సంతతిని మళ్ళీ సాంబ మసూరితోనే నాలుగుసార్లు సంకరం చేశారు. ఎందుకంటే గింజ సన్నం, రుచి పోకూడదు. తెగులును తట్టుకునే గుణం మాత్రమే చేరాలి. ఇక్కడొక చిక్కుంది. మూడింటిలో రెండు జన్యువులు తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ, రెండువైపులా వస్తేగాని తమ బలం చూపవు. మొక్కను పైకి చూస్తే అవి లోపల ఉన్నాయో లేదో తెలియదు. అందుకని చిన్న ఆకుముక్క తీసి ప్రయోగశాలలో పరీక్షించి, ఉన్న మొక్కలనే ముందుకు పంపారు.

అంతటితో నమ్మరు. కత్తెరను తెగులు క్రిమి ఉన్న నీటిలో ముంచి ఆకు కొనలు కత్తిరిస్తారు. సుమారు రెండు వారాలకు మచ్చ ఎంత పొడవు సాగిందో కొలుస్తారు. తరువాత దేశంలో పలుచోట్ల మళ్ళలో వేసి చూస్తారు. ఆ పరీక్షలలో వంగడానికి పేరుండదు, నంబరే ఉంటుంది. ఎవరి పంటో తెలిస్తే చూసేవారి కన్ను మొగ్గుతుంది గదా! ఇన్ని పరీక్షలూ గట్టెక్కిన తరువాతనే 2008లో మెరుగుపరచిన సాంబ మసూరి విడుదలైంది. శాస్త్రజ్ఞులు ఆలస్యం చేస్తారని మనం విసుక్కుంటాం. కాని తొందరపడి ఇచ్చిన విత్తనం విఫలమైతే నష్టపోయేది వారు కాదు, మనం.

ఇక మీ వంతు. ఈ రకం ఆకుఎండు తెగులును తట్టుకుంటుంది గాని, అగ్గితెగులును, సుడిదోమను ఆపదు. యూరియా ఒక్కసారే గుమ్మరించకుండా దఫాలుగా వేయండి. నాటేటప్పుడు నారు కొనలు తుంచకండి. ఆ గాయాలలోంచే క్రిమి దూరుతుంది. తెగులు ఉన్న మడినీరు పక్కమడిలోకి పారనివ్వకండి. నమ్మకమైన చోటనే విత్తనం కొనండి.

విస్తరణ సిబ్బందికి ఒక మాట. ఈ రకంలో ఎక్కడైనా ఆకుఎండు కనిపిస్తే, మందు చెప్పి ఊరుకోకండి. గ్లాసునీటి పరీక్ష చేసి, ఆకు నమూనాను దగ్గరి పరిశోధనా స్థానానికి పంపండి. క్రిమి మారిందన్న కబురు మొదట తెలిసేది ప్రయోగశాలలో కాదు, రైతు గట్టు మీదనే. ఆ కబురు ఎంత త్వరగా చేరితే, తరువాతి విత్తనం అంత త్వరగా సిద్ధమవుతుంది.